జీవకోన ఆదివారం లెక్కల క్లాసు: ఏడు నెలలు వెనక బెంచీలో కూర్చుని చూశాక

ముందు ఫీజు చెప్పేస్తా, తెలిసిన వాళ్ళందరూ మొదట అడిగేది అదే. నెలకు 600. ఇద్దరు పిల్లల్ని పంపితే రెండో వాళ్ళకి సగం. ఇచ్చుకోలేని వాళ్ళని సార్ అడగరు, అది నేను కళ్ళారా చూశాను. ఆదివారం మాత్రమే, పొద్దున 9 నుంచి 11 దాకా అంటారు కానీ 12 లోపల వదిలిన రోజు నాకు గుర్తు లేదు. పేరూ నంబరూ పెట్టొద్దన్నారు సార్, ఉన్న ముప్పై మందికే చోటు చాలడం లేదట. తిరుపతి జీవకోనలో మేడ మీద రేకుల షెడ్డు, లెక్కల క్లాసు అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

మా పాప 9వ తరగతి. రెండేళ్ళు ఒక పెద్ద స్కూల్లో ఫౌండేషన్ బ్యాచ్‌లో వేశాం, పొద్దున 7కి పోతే సాయంత్రం 6కి ఇల్లు చేరేది. ఫార్ములాలన్నీ నోటికి వచ్చేవి. ఒకరోజు ఊరికే అడిగాను, పై అంటే ఏందమ్మా అని. 22 బై 7 నాన్నా అంది. అది దేన్ని దేంతో భాగిస్తే వస్తుంది అంటే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. నేను మెడికల్ షాపు నడుపుకునేవాణ్ణి, నాకూ పెద్దగా రాదు, కానీ ఆ రోజు ఎక్కడో గుచ్చుకుంది.

ఈ క్లాసు సంగతి తెచ్చింది మా అమ్మ. గుడి దగ్గర ఎవరో చెప్పారంట, "దేవుడి మీద లెక్కలు చెప్తారంటరా, పాపని పంపు" అంది. ఆ మాట వినగానే నాకు భయమేసింది. మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసు, విమానాలు కూడా మనవే అనే వాట్సాప్ బాపతేమో అనుకున్నా. అందుకే మొదటి రెండు వారాలు కాపలాకి వెనక కూర్చున్నా. ఇప్పుడు కాపలాకేం కాదు, అలవాటై కూర్చుంటున్నా (కొర్లగుంటలో ఇంటికి పోయి మళ్ళీ రావడానికి పెట్రోలు దండగ అన్నది మా ఆవిడకి చెప్పే కారణం).

క్లాసు మొదట్లో దీపం పెడతారు. ఒక్క నిమిషం ఎవరి ప్రార్థన వాళ్ళు మనసులో చేసుకోవాలి, పైకి వద్దు. ముస్లిం పిల్లలు ముగ్గురు, చర్చికి పోయే పిల్లలు ఇద్దరు ఉన్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు. తర్వాత పిల్లలందరూ ఒక నోటుబుక్కు తీస్తారు, దాంట్లో మూడు గళ్ళు: నమ్ముతున్నాం, కొలిచాం, ఇంకా తెలీదు. ఎవరు ఏ మాట అన్నా అది ఏ గడిలోకి పోతుందో వాళ్ళే తేల్చుకోవాలి. ఒక గడి ఇంకోదానికంటే ఎక్కువని సార్ అనరు, కానీ ఒక గడిలోది తీసి ఇంకో గడిలో రాస్తే మాత్రం ఊరుకోరు. సార్ రిటైరైన లెక్కల టీచరు, నిలువు నామం పెట్టుకుంటారు, కోపం వస్తే సుద్దముక్క విసురుతారు, తగలదు.

నన్ను పడేసిన క్లాసు గురించి కొంచెం వివరంగా చెప్తా. ఒక పిల్లోడు అడిగాడు, 2023లో కొండ మీద బ్రహ్మోత్సవాలు రెండుసార్లు ఎందుకు చేశారు సార్ అని. తిరుపతిలో పుట్టిన ఎవరైనా అధికమాసం వచ్చింది కాబట్టి అంటారు, నేనూ అదే అనేవాణ్ణి. సార్ మాత్రం జవాబు చెప్పకుండా పంచాంగం, కేలండరు పిల్లల ముందు పడేసి పౌర్ణమి నుంచి పౌర్ణమికి ఎన్ని రోజులో లెక్కపెట్టమన్నారు. ఇరవై తొమ్మిదిన్నర చిల్లర. పన్నెండు నెలలకి 354. సంవత్సరానికి 365. తేడా 11 రోజులు. ఆ 11 రోజులు ఏటా పేరుకుంటూ పోతే ఏమవుతుంది అంటే, ఉగాది మెల్లగా చలికాలంలోకి జారిపోతుంది అంది ఒక పాప. జారకుండా ఉండాలంటే? నెలకి సరిపడా రోజులు పేరుకోగానే ఒక నెల అదనంగా వేసెయ్యాలి. ఎన్ని నెలలకోసారి? నెలకి ఒక రోజు కంటే కాస్త తక్కువ పేరుకుంటుంది కాబట్టి సుమారు 33 నెలలకి అని తేల్చారు. 2023లో అధిక శ్రావణం, తర్వాత 2026లో అధిక జ్యేష్ఠం, వేళ్ళ మీద లెక్కేస్తే 34 నెలలు. అంతవరకూ బాగుంది అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఒక ముస్లిం పిల్లోడు లేచి, మరి మా రంజాన్‌కి అధికమాసం లేదు కదా సార్ అన్నాడు. సార్ మొహం చూడాలి మీరు, పండగొచ్చినట్టు వెలిగిపోయింది! రంజాన్ మొదటి ఉపవాసం ఏ తేదీన మొదలైందో వాణ్ణే చెప్పమన్నారు. 2023లో మార్చి 24, 2024లో మార్చి 12, 2025లో మార్చి 2. ఒకసారి 12 రోజులు వెనక్కి, ఒకసారి 10. పదకొండు రావాలి కదా, ఎందుకు రాలేదు అని అందరూ గోల. 12 వచ్చింది 2024లో ఫిబ్రవరికి 29 రోజులు కాబట్టి అని పట్టింది మా పాపే, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 10 మాత్రం ఆ ఇరవై తొమ్మిదిన్నర మీది చిల్లర వల్ల, అది పేరుకుని ఒక్కో ఏడు పన్నెండు నెలలకి 354 బదులు 355 రోజులు వస్తాయి. ఇలా వెనక్కి జరుగుతూ పోతే రంజాన్ ఏడాది మొత్తం చుట్టి మళ్ళీ అదే చోటికి రావడానికి ఎన్నేళ్ళు? 365ని 11తో భాగించారు, సుమారు 33 ఏళ్ళు. ఆ పిల్లోడు, మా తాత నడి ఎండల్లో ఉపవాసాలున్నానని చెప్తాడు సార్, అది నిజమే అయితే అన్నాడు.

క్లాసు అయిపోవచ్చింది, అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. ఇంకో అమ్మాయి నసుగుతూ అడిగింది: అక్కడ 33 నెలలు, ఇక్కడ 33 ఏళ్ళు, రెండూ ఒకే అంకె ఎందుకొచ్చింది సార్? సార్ ఒక్క క్షణం ఆగి, "నేనెప్పుడూ ఆలోచించలేదమ్మా, రండి చూద్దాం" అని మళ్ళీ బోర్డు దగ్గరికి పోయారు. నెలకి పేరుకునేది 11 బై 12 రోజు, అది 30 రోజులు కావాలి, అంటే 30ని 12తో గుణించి 11తో భాగించాలి, 360 బై 11. రెండోది 365 బై 11. పన్నెండు ముప్పైలు దాదాపు ఏడాది కాబట్టి రెండూ ఒకేలా వచ్చాయి. ఆ రోజు 12:40కి వదిలారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి పిల్లల ముందు నాకు తెలీదు అనడం నేను అంతకుముందు చూడలేదు, మా కాలంలో అలా అడిగితే బెంచీ ఎక్కించేవాళ్ళు.

ఈస్టర్ కూడా అదే రోజు నోటుబుక్కుల్లోకి ఎక్కింది, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి, దాని తర్వాతి ఆదివారం అని. దాని మీద పెద్దగా ఆగలేదు.

కొండ మీదికి కూడా తీసుకుపోయారు, రెండుసార్లు. అలిపిరి దారిలో 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. ఇవి మనందరికీ తెలిసిన అంకెలే, ఎప్పుడైనా భాగించి చూశారా? అలిపిరిలో రెండున్నర మీటర్లకి ఒక మెట్టు, శ్రీవారి మెట్టులో 88 సెంటీమీటర్లకి ఒకటి. మెట్టు వెడల్పు రెండున్నర మీటర్లు ఉండదు కదా, అంటే మిగతాదంతా చదునుగా నడిచే దారి. శ్రీవారి మెట్టులో మోకాళ్ళు ఎందుకు పట్టేస్తాయో నాకు అప్పుడర్థమైంది. పిల్లలు ఎక్కుతూ గోవిందా గోవిందా అంటూనే ప్రతి వంద మెట్లకి నాడి చూసుకుని రాసుకున్నారు. లెక్కపెట్టడంలో ఒకడికి 2391 వచ్చింది, సార్ దాన్ని కొట్టేయనివ్వలేదు, అందరివీ రాసి సగటు తీయించారు.

తిరిగి వచ్చేటప్పుడు ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి రాతి పొరలు చూపించారు. పైన ఉన్న రాయి సుమారు 160 కోట్ల ఏళ్ళది, దాని కింది గ్రానైట్ 200 కోట్లు దాటినది, మధ్యలో కోట్ల ఏళ్ళ చరిత్ర అక్కడ రాయిగా మిగల్లేదు. మా పాప ఇంటికొచ్చి అవ్వకి చెప్పింది. మా అమ్మ, "అది ఆదిశేషుడు కదే" అంది. "అవునవ్వా, అది మొదటి గడిలో రాశాను, ఇది రెండో గడిలో" అంది ఇది. మా అమ్మ కాసేపు ఆలోచించి, అయితే శేషుడు అంత పాతవాడా అని దండం పెట్టుకుంది. ఇద్దరూ సంతోషమే.

మార్చిలో నాగలాపురం ట్రిప్పు మాత్రం ఫెయిలు. వేదనారాయణస్వామి గుడిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ గర్భగుడి దాకా పోయి ఒకరోజు పాదాల మీద, మర్నాడు నాభి మీద, మూడోరోజు శిరస్సు మీద పడుతుంది. వ్యాన్‌కి తలా 250 ఇచ్చి పోతే మబ్బు పట్టింది, ఏమీ కనపడలేదు. కానీ దానికి ముందు రెండు వారాలు పిల్లలు ఎవరి మేడ మీంచి వాళ్ళు సూర్యుడు ఎక్కడ దిగుతున్నాడో గీత గీసుకున్నారు. ఆ రోజుల్లో అస్తమించే చోటు రోజుకి 0.4 డిగ్రీ ఉత్తరానికి జరుగుతుంది, సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ, అంటే రోజుకి దాదాపు తనంత పక్కకి జరుగుతాడన్నమాట. మూడు రోజులకే ఎందుకు అయిపోతుందో గుడి చూడకుండానే తెలిసింది. వ్యాన్‌లో ఒక తల్లి, దేవుడి లీలకి కూడా టేపు పట్టుకుపోతారా అని సణిగింది. సార్ విన్నారు, ఏమీ అనలేదు. నాకైతే ఆ గుడి కట్టినవాళ్ళు టేపు పట్టకుండా కట్టారా అని అడగాలనిపించింది, వ్యాన్‌లో గొడవెందుకని ఊరుకున్నా.

ఇక బాగోలేనివి. ఒక ఆదివారం సార్ ఊళ్ళో లేరని ఇంకో కుర్రాణ్ణి పెట్టారు. నేను భయపడిన బాపతే. గంట సేపు అన్నీ మన దగ్గర్నుంచే పోయాయి అని ఊదరగొట్టాడు, ఒక పాప, అన్నా లెక్క చూపించండి అంటే, నీకు నమ్మకం లేదా అని కసిరాడు. నేను ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. తర్వాతి వారం సార్ పిల్లలందరి ముందు క్షమించమన్నారు, ఆ గంటలో రాసుకున్నదంతా మూడో గడిలోకి మార్పించి, ఆ చేత్తోనే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన లెక్కల పుస్తకాన్ని తెలుగు చేసిన సంగతి చెప్పారు. దాన్ని మొదట సంస్కృతంలో రాసిన మహావీరాచార్యుడు జైనుడు, 9వ శతాబ్దం వాడు. గొప్పలు చెప్పుకోవాలంటే ఇలాంటివి చెప్పుకోండి, పుస్తకం ఉంది, తెరిచి చూసుకోవచ్చు అన్నారు. నాకు నచ్చింది, కానీ ఆ కుర్రాడు మళ్ళీ రాడని మాత్రం హామీ ఇవ్వలేదు.

మార్కుల సంగతి. ఏడు నెలల్లో మా పాపకి లెక్కల్లో 62 నుంచి 64 అయ్యింది, అంతే. సిలబస్ వరుసలో చెప్పరు, హోంవర్క్ దిద్దరు. పదో తరగతి పరీక్షల టెన్షన్ ఉన్నవాళ్ళు దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కెమిస్ట్రీ అంతంతమాత్రం. షెడ్డులో ఏప్రిల్, మే నెలల్లో కూర్చోవడం నరకం, ఉన్నది రెండు ఫ్యాన్లు. ఆడపిల్లలు బాత్రూంకి కింద సార్ వాళ్ళింట్లోకే పోవాలి, అమ్మగారు మంచివారు కాబట్టి నడుస్తోంది.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయా. గ్లోబు మీద దారం పెట్టి తిరుపతి నుంచి మక్కా వైపు చూపించిన రోజు. గోడ మీది మ్యాపులో గీత గీస్తే పడమర నుంచి ఉత్తరానికి 12 డిగ్రీలు వస్తోంది, గ్లోబు మీద దారం బిగించి లాగితే 17. అయిదు డిగ్రీల తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆ ముగ్గురు ముస్లిం పిల్లలే కాదు, క్లాసంతా పోట్లాడుకున్నారు. గుండ్రటి భూమిని మ్యాపులో చదును చేసినప్పుడు దిక్కులు ఎలా తప్పుతాయో తొమ్మిదో తరగతి పిల్లలకి ఇంకెవరు చెప్తారు నాకు తెలీదు. ఆ రోజు దారం మా షాపులో మాత్రల పెట్టెలు కట్టేదే.

అయిదుకి నాలుగు ఇస్తా, ఒకటి ఆ కుర్రాడి గంటకి తీసేశా. పోదలుచుకున్నవాళ్ళు 8:45కే పోండి, ఫ్యాన్ల కింద రెండు బెంచీలు ముందే నిండిపోతాయి. చెప్పులు మెట్ల కిందే వదలండి, పైన వదిలితే కోతులు ఎత్తుకుపోతాయి, నావి ఒక జత పోయాయి.