ఉన్ని, కాటన్, పాలిస్టర్: ఏ సాక్స్ తొడుక్కోవడం న్యాయం?

సాక్స్ జత ఎంత చిన్నదైనా దాని వెనక గొర్రెలు గానీ, పత్తి ఏరే చేతులు గానీ, చమురు బావులు గానీ ఉంటాయి. ఉన్ని, కాటన్, పాలిస్టర్, ఈ మూడింట్లో ఏదీ ఎవరికీ నొప్పి కలిగించకుండా మన కాళ్ల దాకా రాదు. అందుకే మచ్చలేనిది ఏదని వెతికితే ఎప్పటికీ తేలదు. నేను మరోలా అడుగుతాను: దేని వల్ల జరిగే హానిని మనుషులు ఆపగలరు? ఎక్కడైనా ఆపి చూపించారా?

ఎక్కువ గొడవ ఉన్ని మీదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. సాక్స్‌కు వాడే, మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్నిలో పెద్ద భాగం ఆస్ట్రేలియాది. ఒంటి మీద చర్మం ఎంత ఎక్కువుంటే అంత ఉన్ని వస్తుందని, ముడతలు పడ్డ గొర్రెల్నే ఏరి పెంచుతూ వచ్చారు. తోక చుట్టూ ఉన్న ముడతల్లో మలమూత్రాలు చేరి తడిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి. వాటిలోంచి పుట్టిన పురుగులు బతికున్న గొర్రె మాంసాన్నే తింటాయి. అలా జరగకుండా గొర్రెపిల్లగా ఉన్నప్పుడే తోక దగ్గరి చర్మాన్ని కోసేస్తారు. మానాక అక్కడ ఉన్ని మొలవదు, ఈగ వాలదు. దీన్నే మ్యూల్సింగ్ అంటారు.

ఇది చేసే రైతును రాక్షసుడనడం నాకు సబబుగా అనిపించదు. పురుగు పట్టిన గొర్రె పడే బాధ ఇంకా ఘోరం. కానీ ఆ ముడతలు మనిషి పెంచినవే కదా, తగ్గించడం కూడా మనిషి చేతిలోనే ఉంది. ముడతలు తక్కువున్న గొర్రెల్ని ఎంచి పెంచుకుంటూ వచ్చి, ఈ కోత మానేసిన రైతులు ఉన్నారు. న్యూజిలాండ్ అయితే 2018 అక్టోబరు 1 నుంచి దీన్ని చట్టంతోనే నిషేధించింది. ఆస్ట్రేలియా అంతటికీ వర్తించే నిషేధం మాత్రం రాలేదు. అంటే ఇది తప్పించుకోలేని హాని కాదు, తప్పించడం ఆలస్యమవుతున్న హాని.

ఉన్నికి ఇంకో బరువుంది. గొర్రె నెమరువేస్తూ మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. కిలోకు కిలో పోల్చితే వాతావరణం మీద ఉన్ని భారం మామూలుగా పాలిస్టర్ కన్నా ఎక్కువే. ఇక జంతువును వాడుకోవడమే తప్పనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో తిరకాసు లేదు. వాళ్లకు కాటనే దారి.

అయితే కాటన్‌లో గొర్రె బదులు మనుషులు కనిపిస్తారు. సోవియట్ కాలంలో పత్తి చేల కోసం ఆము దర్యా, సిర్ దర్యా నదుల్ని మళ్లించడంతో 1960ల నుంచి మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం ఎండిపోతూ వచ్చింది. ఆ తర్వాత కూడా అక్కడి ఉజ్బెకిస్తాన్‌లో పత్తి ఏరే కాలం వచ్చిందంటే ప్రభుత్వమే టీచర్లను, నర్సులను, విద్యార్థులను బలవంతంగా చేలకు పంపేది. ఆ పత్తి వాడబోమని వందల కంపెనీలు మాటిచ్చాయి. హక్కుల సంఘాలు, కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి పట్టు వదల్లేదు. 2021 పంటలో ప్రభుత్వం చేయించే వెట్టి ఆగిందని తేలాక, 2022 మార్చిలో బహిష్కరణ ఎత్తేశారు. ఒక్కొక్కరు విడివిడిగా కొనడం మానేస్తే ఇది జరిగేది కాదు. అందరూ కలిసి, ఫలానాది ఆపాలని పేరు పెట్టి అడిగారు కాబట్టే జరిగింది.

వెట్టి ఆరోపణలున్న చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు పత్తి దగ్గర అలా ఒత్తిడి తేవడం కష్టం. అక్కడి సరుకు వెట్టిచాకిరీతో చేసింది కాదని దిగుమతిదారే రుజువు చేయాలనే అమెరికా చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. కానీ పత్తి ఒక దేశంలో పండి, మరో దేశంలో నూలై, ఇంకో దేశంలో సాక్స్ అవుతుంది. లేబుల్ మీద మాత్రం చివరి దేశం పేరే ఉంటుంది.

పాలిస్టర్ గురించి నాకు పెద్ద సందేహం లేదు. చవక, గట్టిది, త్వరగా ఆరుతుంది. రోజంతా నిలబడి పనిచేస్తూ, చేతిలో ఉన్న డబ్బుకు అదే కొనగలిగే మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఉతికిన ప్రతిసారీ కంటికి కనబడని ప్లాస్టిక్ పోగులు రాలి నీళ్లలో కలుస్తాయి. మ్యూల్సింగ్‌ను చట్టంతో ఆపొచ్చు, వెట్టిని ఆపించొచ్చు. సముద్రంలో కలిసిన పోగును వెనక్కి తీసుకురాలేం. నా లెక్కలో పాలిస్టర్ ఓడిపోయేది ఇక్కడే.

కాబట్టి నా ఓటు ఉన్నికి, మ్యూల్సింగ్ చేయని గొర్రెల ఉన్నికే. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకోగలదు, త్వరగా వాసన రాదు. అందుకే ప్రతిసారీ ఉతకనక్కర్లేదు, రెండు మూడు జతలతో గడిచిపోతుంది. వేడి ఎక్కువున్న చోట, నడక తక్కువున్న చోట కాటన్ చాలు.

ఉన్ని సాక్స్ అన్నంత మాత్రాన అందులో అంతా ఉన్నే ఉండదు. మడమ, వేళ్ల దగ్గర త్వరగా అరగకుండా నైలాన్ కలుపుతారు, జారిపోకుండా ఎలాస్టిక్ దారం కలుపుతారు. ఇలా కలిసిన దారాల్ని మళ్లీ విడదీయడం చాలా కష్టం. అయినా ఆ కాస్త నైలాన్‌ను నేను ఒప్పుకుంటాను. తొందరగా చిల్లుపడే స్వచ్ఛమైన ఉన్ని సాక్స్ కోసం మళ్లీ మళ్లీ గొర్రె దగ్గరికే వెళ్లాలి కదా. మెషిన్‌లో వేసినా కుంచించుకుపోదని రాసి ఉన్న ఉన్నిని మాత్రం ఒకటికి రెండుసార్లు చూడాలి. సాధారణంగా దాన్ని క్లోరిన్‌తో శుద్ధిచేసి, పైన సన్నటి ప్లాస్టిక్ పూత వేస్తారు. చేత్తో ఉతికే ఓపిక ఉంటే అది లేనిదే మేలు.

ఇదంతా చదివి, ఇంట్లో ఉన్న పాలిస్టర్ సాక్స్ పారేసి కొత్తగా ఉన్నివి మాత్రం కొనకండి. చేసిన హాని ఎటూ చేసింది, పారేస్తే చెత్తలో చేరి అక్కడే ఉంటాయి. చిరిగేదాకా తొడగండి. చల్లనీళ్లలో, మెషిన్ నిండేలా మిగతా బట్టలతో కలిపి ఉతికితే పోగులు తక్కువ రాలతాయి.