ధ్రువ ప్రాంతపు మొక్కలు, వర్షారణ్యపు మొక్కలు: ఏది మేలు?

జాతుల సంఖ్యనే కొలమానంగా తీసుకుంటే ఈ పోలికకు అవకాశమే లేదు. ఈక్వెడార్‌లోని యాసుని అడవిలో 25 హెక్టార్ల మేర హద్దులు గీసి లెక్కిస్తే 1,100కు పైగా వృక్ష జాతులు తేలాయి. అంటార్కిటికా ఖండం మొత్తం మీద సహజంగా పెరిగే పూల మొక్కలు రెండే రెండు: ఒకటి సన్నని గడ్డి, మరొకటి నేలకంటుకుని గుబురుగా పెరిగే చిన్న మొక్క. అక్కడ కనిపించే మిగతా పచ్చదనంలో ఎక్కువ భాగం నాచులది, లైకెన్లది. లైకెన్ అనేది శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవి కాబట్టి, దాన్ని మొక్కల ఖాతాలో వేయడం కూడా మన ఉదారతే.

ఉత్తర ధ్రువ ప్రాంతంలో చెట్లు పెరగని చలి నేలలైన టండ్రా పరిస్థితి కొంత నయం. వేసవిలో పైపై మన్ను మాత్రమే కరుగుతుంది, దాని కింద ఏడాది పొడవునా గడ్డకట్టిన నేల ఉంటుంది కనుక వేళ్లు లోతుకు దిగలేవు. కాండం ఎత్తు పెరిగితే చలిగాలి ఎండగడుతుంది. అందుకే ఆర్కిటిక్ విల్లో అనే పొద నేలను పట్టుకుని పాకుతుంది. గులాబీ రంగు పూలు పూసే సైలీన్ మొక్క కొమ్మలన్నిటినీ దగ్గరగా ముడుచుకుని చిన్న దిండులా పెరిగి, ఎండ వేడిని తనలో పట్టి ఉంచుకుంటుంది. ఆర్కిటిక్ గసగసాల జాతి పువ్వు రోజంతా సూర్యుని వెంట తిరుగుతూ, గిన్నె ఆకారపు రేకులతో వెలుగును నడిమికి మళ్లిస్తుంది. ఆ వెచ్చదనానికి కీటకాలు వచ్చి వాలతాయి, గింజ కూడా త్వరగా పండుతుంది.

వర్షారణ్యంలో మొక్కకు అసలు పోటీ వాతావరణంతో కాదు, పక్క చెట్టుతో. పైనున్న ఆకుల కప్పును దాటి నేలకు చేరే వెలుతురు ఒకటి రెండు శాతమే. బోర్నియోలో ఒక మెరంటి చెట్టు 100 మీటర్ల ఎత్తును అందుకున్నది ఆ వెలుతురు కోసమే. మర్రి జాతిలో కొన్ని మరీ గడుసువి: పక్షి రెట్టతో కొమ్మ మీద పడిన గింజ అక్కడే మొలిచి, వేళ్లను కిందికి దించి, ఆశ్రయమిచ్చిన చెట్టును చుట్టేసి చివరకు చంపేస్తుంది.

రెండు చోట్లా నేల పేదదే కావడం నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోస్తుంది. టండ్రాలో రాలిన ఆకు చలి వల్ల త్వరగా కుళ్లదు, అందులోని నత్రజని మళ్లీ మొక్కకు తొందరగా అందదు. వర్షారణ్యంలో ఆకు త్వరగా కుళ్లిపోతుంది, అందులోని పోషకాలను వానలు కడుక్కుపోయేలోగా పైపై వేళ్లు, వాటిని అంటిపెట్టుకున్న శిలీంధ్రాలు పీల్చేసుకుంటాయి. చాలా చోట్ల సారమంతా చెట్లలోనే ఉంటుంది. అడవి కొట్టి సాగు చేస్తే కొద్ది పంటలకే భూమి నీరసించడానికి కారణం ఇదే.

కాబట్టి ఏటా తయారయ్యే పచ్చదనంలో వర్షారణ్యానిదే పైచేయి. దాచిపెట్టడంలో మాత్రం నేను టండ్రా వైపే మొగ్గుతాను: గడ్డకట్టిన ఉత్తరపు నేలల్లో వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు కర్బనం ఉంది. సుమారు 32,000 ఏళ్ల కిందట సైబీరియాలో గడ్డకట్టిన నేలలో చిక్కుకున్న ఒక సైలీన్ జాతి కాయల కణజాలం నుంచి శాస్త్రవేత్తలు మొక్కలను పెంచారని 2012లో వెల్లడైంది. గాయం నుంచి కోలుకోవడంలో మళ్లీ వర్షారణ్యమే మెరుగు. చుట్టూ అడవి మిగిలి ఉంటే కొట్టేసిన చోట కొన్ని దశాబ్దాల్లో చెట్లు లేస్తాయి, పాత జాతులన్నీ తిరిగి రావడానికి మాత్రం ఇంకా చాలా కాలం పడుతుంది. టండ్రాలో భారీ వాహనం ఒకసారి నడిచిన జాడే దశాబ్దాల తరబడి చెరగదు.