తొమ్మిదేళ్లలో ఒక్కసారీ పోని ఫ్యూజు, రెండేళ్ల కొత్త ప్యానెల్: నా అనుభవం

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇల్లు 1952 నాటిది. 2014లో కొన్నప్పుడు బేస్‌మెంట్ గోడకి ఒక బూడిద రంగు ఇనప డబ్బా ఉండేది. మూత తీస్తే పైన మెయిన్‌కి, స్టవ్‌కి చెరో పుల్‌అవుట్ (ఫ్యూజులతో సహా చేత్తో బయటికి లాగే దిమ్మ), కింద బల్బులా మర తిప్పి బిగించే గాజు ఫ్యూజులు నాలుగు. ఇల్లు మొత్తానికి 60 ఆంప్స్. కొనేముందు చూసిన ఇన్‌స్పెక్టర్ "పాతది, పనిచేస్తోంది" అని రిపోర్టులో ఒక లైను రాసి వెళ్లాడు, మేమూ సరేననుకున్నాం.

నిజం చెప్పాలంటే దానితో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. మైక్రోవేవ్, కెటిల్ కలిపి వేసినా తొమ్మిదేళ్లలో ఒక్కసారీ ఫ్యూజు పోలేదు, అడిగినవాళ్లందరికీ పాతకాలం సరుకు గట్టిదండీ అని గొప్పగా చెప్పేవాణ్ణి.

2023లో ఇన్సూరెన్స్ వాళ్లు మనిషిని పంపి ఫొటోలు తీయించుకున్నారు. రెన్యువల్‌కి రెండు నెలల ముందు ఉత్తరం వచ్చింది, ఫ్యూజు బాక్సు తీసేసి బ్రేకర్ ప్యానెల్ పెట్టించి రుజువు పంపకపోతే పాలసీ కొనసాగించం అని. ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ప్రీమియం తీసుకున్నప్పుడు గుర్తురాలేదా? వేరేచోట చూద్దామని ఫోన్లు చేస్తే ఇద్దరు ఫ్యూజు అన్న మాట వినగానే కుదరదన్నారు, మూడోవాడు ఇస్తానన్నాడు కానీ దాదాపు రెట్టింపు. ఫారంలో బ్రేకర్లు అని టిక్ పెట్టేస్తే ఎవరు చూస్తారని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చేయకండి. రేపు నిప్పంటుకుని క్లెయిమ్ వేస్తే ఆ ఒక్క అబద్ధం పట్టుకుని పైసా ఇవ్వకుండా పోవచ్చు, ఇంటి మీద బ్యాంకు లోను మాత్రం అలాగే ఉంటుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి డబ్బా తెరిచి నవ్వాడు. నాలుగూ ఆకుపచ్చ ఫ్యూజులే, అంటే 30 ఆంప్స్‌వి. 15 అయితే నీలం రంగులో ఉంటాయట. గోడల్లో ఉన్నదేమో గుడ్డ చుట్టిన 14 గేజ్ రాగి తీగ, దానికి 15 ఆంప్స్ మించకూడదు. మైక్రోవేవ్ ఒక పన్నెండు, కెటిల్ ఒక పన్నెండు, కలిపితే 24. ఫ్యూజు ఎందుకు పోతుంది? దాని బదులు గోడలో తీగ కాగుతూ ఉంది, అంతే. పాత ఓనర్లలో ఎవరో మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి పెద్దవి బిగించి ఉంటారు. తెనాలిలో మా నాన్న చేసిందీ అదే కదా, పింగాణీ కిట్‌క్యాట్‌లో ఫ్యూజు వైరు లేనప్పుడు ఏదో ఒక వైరు చివర గీకి రెండు రాగి పోగులు మెలిపెట్టేవాడు, ఆ తర్వాత ఇక పోయేది కాదు!

కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లది పూర్తిగా తప్పనను. సరైన సైజు ఫ్యూజు వేస్తే అది బ్రేకర్ కంటే ఏమీ తీసిపోదు, కానీ దాన్ని ఎవరైనా మార్చేయొచ్చు, వాళ్ల భయం అది. బ్రేకర్లు ఉన్నంత మాత్రాన గట్టెక్కినట్టూ కాదు. ఫ్లోరిడాలో మా తమ్ముడు పాత ఇల్లు కొన్నప్పుడు రూఫు, కరెంటు, ప్లంబింగు, ఏసీ నాలుగూ చూసే ఫోర్ పాయింట్ ఇన్‌స్పెక్షన్ అడిగారు. అందులో ప్యానెల్ ఫెడరల్ పసిఫిక్, జిన్స్‌కో అనే పాత కంపెనీలది అయితే చాలా కంపెనీలు మార్చమనే అంటాయి, లోడు ఎక్కువై ట్రిప్ అవ్వాల్సినప్పుడు ఆ బ్రేకర్లు ట్రిప్ అవ్వవన్న చెడ్డపేరు వాటికి ఎప్పటినుంచో ఉంది.

ఖర్చు సంగతి. 200 ఆంప్స్ ప్యానెల్, బయట మీటరు దగ్గర కొత్త సర్వీసు కేబుల్, రెండు ఎర్త్ రాడ్లు, సర్జ్ ప్రొటెక్టర్, టౌన్ పర్మిట్ అన్నీ కలిపి నాకు 4,300 డాలర్లు. పాలసీలో "ఆర్డినెన్స్ ఆర్ లా" అని ఒక కవరేజీ ఉంది కదా, కోడ్ ప్రకారం మార్చే ఖర్చు ఇస్తారు కదా అని ఆశపడ్డాను. అది ఇల్లు కాలో కూలో మళ్లీ కట్టుకునేటప్పటి మాటట, ముందుజాగ్రత్తకి రూపాయి రాదు. ప్రీమియం తగ్గుతుందనుకున్నా, ఏడాదికి 60 డాలర్లు తగ్గింది. పని ఒక్క రోజులో అయిపోయింది, టౌన్ ఇన్‌స్పెక్టర్ కోసమే పదకొండు రోజులు ఎదురుచూశాం. అతను చూసి అంటించిన స్టిక్కర్ ఫొటో పంపాకే రెన్యువల్ ఖాయమైంది.

ఇక కొత్త ప్యానెల్ ఎలా ఉందంటే, మొదటి నెలలోనే వంటింటి బ్రేకర్ నాలుగుసార్లు ట్రిప్ అయింది. అమ్మ అప్పుడే వచ్చింది, పొద్దున్నే మైక్రోవేవ్‌లో పాలు, ఇటు కెటిల్‌లో నీళ్లు, టక్‌మని వంటింట్లో చీకటి. "అంత డబ్బు పోసి కొత్తది పెట్టిస్తే ఇది ఇంకా పోతోందేంట్రా?" అంది. ప్యానెల్ మారింది కానీ గోడలో తీగ అదే, దానికి ఇప్పుడు సరిగ్గా 15 ఆంప్స్ బ్రేకరే ఉంది అని చెబితే, మీ నాన్న ఉంటే రెండు నిమిషాల్లో బాగుచేసేవాడంది. చివరికి వంటింటికి 12 గేజ్ తీగతో (14 కంటే లావుది) విడిగా 20 ఆంప్స్ లైను లాగించాం, ఇంకో 650. కెటిల్ ఇప్పుడు దాని మీదే.