దేశాల పేర్లు పుట్టించే యాప్: మూడు నెలలు వాడాక రెండున్నర స్టార్లు

కల్పిత దేశాలకి పేర్లు తయారుచేసే యాప్ ఒకటి మూడు నెలలుగా వాడుతున్నాను. దాని పేరు ఇక్కడ రాయను, డబ్బుల విషయంలో వాళ్లతో గొడవ ఇంకా తెగలేదు. నేనో ఆడియో సీరియల్ రాస్తున్నాను, జానపదం లాంటిది. సముద్రం పక్కన ఒక దేశం, దానికి ఇద్దరు శత్రువులు, ఒక రేవు, ఒక నది, మొత్తం ఏడెనిమిది పేర్లు కావాలి. కథ చకచకా నడిచింది కానీ పేర్ల దగ్గర రెండు వారాలు ఆగిపోయాను, ఇక లాభం లేదని నెలకి 399 రూపాయలు కట్టి ఇందులో చేరాను.

అసలు తంటా ఏంటంటే, పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే వస్తాయి. టి అంటే త అనుకోవాలా ట అనుకోవాలా, ఓ అంటే పొట్టిదా పొడుగుదా, ఎవరు చెప్పాలి? బద్ధకించి స్క్రిప్టులో ఒక పేరు అలాగే వదిలేశాను: కె, ఓ, టి, ఎ, ఎన్, ఎ. రికార్డింగులో రాజు వేషం అతను ‘కోటానా’ అన్నాడు, మంత్రి ‘కొతన’ అన్నాడు, వేగులవాడు పరిగెత్తుకొచ్చి ‘కోతన’ మీద దాడి జరిగిందని చెప్పాడు. ఒక్క సీనులో మూడు దేశాలు.

రెండోది ఆ ‘ఇయా’ పిచ్చి. వంద పేర్లు అడిగితే సగానికి పైగా చివర ఇయా ఉంటుంది. బల్గేరియా, రొమేనియా, ఆస్ట్రియా ఉన్న చోట అది సహజమే, లాటిన్ నుంచి వచ్చిన తోక అది. కానీ తాటిచెట్లూ ఉప్పుమళ్లూ ఉన్న నా దేశానికి ఆ తోక ఎలా అతుకుతుంది? అయినా టైం లేక ఒక శత్రు రాజ్యానికి పెసారియా అని పెట్టేశాను. “మహారాజా, పెసారియా సైన్యం పొలిమేర దాటింది!” అని మా సేనాపతి గొంతు చించుకున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న రికార్డింగ్ అబ్బాయి తల కూడా ఎత్తకుండా, “అల్లం చట్నీతోనా అన్నా?” అన్నాడు. ఆ రోజుకి ఇంక పని జరగలేదు.

‘భారతీయ పేర్లు’ అని ఇంకో మీట ఉంది, దాని జోలికి వెళ్లకండి. రాజ్‌నగర్‌పుర్ అని ఇచ్చింది నాకు. నగరమూ ఊరే, పురమూ ఊరే, ఇక ఊరూరు అని పెట్టుకుంటే పోయేది కదా. దేవ్‌గఢ్‌స్తాన్ కూడా ఇచ్చింది. కోట అన్నమాట వెనక చోటు అన్నమాట, అదీ ఉత్తరాది వాసనతో. కృష్ణ దాటి కిందికి ఒక మనిషి కూడా లేనట్టు.

మరి రెండున్నర స్టార్లు ఎందుకిచ్చానంటే ‘ధ్వనులు’ అనే పేజీ కోసం. ఏ హల్లులు రావాలి, ఏవి రాకూడదు, పేరు ఏ శబ్దంతో ముగియాలి అన్నీ మనమే పెట్టుకోవచ్చు. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతోనే ఆగుతుంది కాబట్టి చివర ఉకారం పెట్టి, మధ్యలో ర్రు, ల్లు లాంటివి ఎక్కువ రానిచ్చాను. అప్పుడు గానీ దారికి రాలేదు. మా డెల్టా ఊళ్ల లెక్క అదే కదా, పర్రులు, కుర్రులు, గోదారి పాయల మధ్యన లంకలు. నిజంగా ఉన్న ఊళ్లలో ఈ తోకలు కుటుంబంలా కలిసి ఉంటాయి, అందుకే ఎప్పుడూ వినని ఊరి పేరు చెప్పినా ఎటువైపో సుమారుగా పట్టేస్తాం. యాప్ దేనికదే విడిగా మెరిసే పేరు ఇస్తుంది, పక్క దేశంతో చుట్టరికం కలపదు.

ఇంకో లోపం, తను ఇచ్చిన పేరు ఇప్పటికే ఎక్కడైనా ఉందేమో చూసుకోదు. తువా అని ఇచ్చింది, రెండే అక్షరాలు, ముద్దుగా ఉందని పెట్టుకున్నాను. తీరా వెతికితే సైబీరియా దక్షిణాన నిజంగానే తువా ఉంది, 1921 నుంచి 1944 వరకు విడి దేశంగా కూడా నడిచింది, త్రికోణం స్టాంపులకి స్టాంపులు పోగేసేవాళ్లలో పేరు. తీసేశాను.

అయినా నిజం దేశాల పేర్లు చూస్తే మనం ఎందుకింత బుర్ర బద్దలు కొట్టుకుంటున్నామా అనిపిస్తుంది. కామెరూన్ అనే పేరుకి మూలం రొయ్యలు, పోర్చుగీసు నావికులు అక్కడి నదిని రొయ్యల నది అన్నారు, అదే దేశానికి తగులుకుంది. (భీమవరం వాళ్లు కొంచెం ఆలోచించాలి.) టాంగన్యీకా, జాంజిబార్ 1964లో కలిసి, పేర్లు కూడా చెరో ముక్క కలిపి టాంజానియా అయ్యాయి. 1984లో బుర్కినా ఫాసో అని మార్చుకున్నప్పుడు ఒక మాట ఒక భాషది, రెండోది ఇంకో భాషది. మన దగ్గర మాత్రం, దత్త మండలాలు అని ఇంగ్లిషువాళ్ల లెక్కల్లో పడి ఉన్న నేలకి 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు, ఇప్పుడది తాతల నాటి పేరనుకునేవాళ్లే ఎక్కువ. ఇలాంటి కారణాలు ఇచ్చే గడి ఒక్కటీ యాప్‌లో లేదు. ఎవరు పెట్టారు, ఎవరు తప్పు పలికారు అని అడగనే అడగదు.

నాకు చివరికి దారి చూపింది కోరంగి. కాకినాడ పక్కన ఆ రేవులో ఓడెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు. ఏ ఊరివాడైనా సరే, రేవు పేరే జాతి పేరు. అది పట్టుకున్నాను. నా దేశం వాళ్లు తమ నేలని ఏరునాడు అనుకుంటారు, వాళ్ల రేవు గండిమొగ. బయటి ఓడలవాళ్లకి లోపలి సంగతి అక్కర్లేదు, మొగ పలకడానికి ఓపిక లేదు, మొత్తం దేశాన్నే ‘గండమో’ అంటారు. ఆ మాట వినపడితే ఏరునాడు వాళ్లకి ఒళ్లు మండుతుంది. మూడో ఎపిసోడ్‌లో గొడవంతా దాని మీదే నడిచింది, నేను అనుకోలేదు కూడా. ఇందులో యాప్ చేసిందేమీ లేదు.

డబ్బుల సంగతి. నెల నెలా అని చేరితే మూడో నెలలో ఏడాదికి మొత్తం ఒకేసారి కోసేశారు. నాలుగు మెయిళ్లు పెట్టాను, నాలుగింటికీ “మీ సృజనాత్మక ప్రయాణంలో భాగమైనందుకు ధన్యవాదాలు” అన్న అర్థంతో ఒకటే ఇంగ్లిష్ జవాబు. చేరదలిస్తే కార్డు ఇవ్వకుండా ఆ మూడు రోజుల ఉచితంలో ధ్వనుల పేజీ ఒక్కటి వాడుకుని, వచ్చిన పేర్లు గట్టిగా చదివి, తెలుగులో రాసి పెట్టుకుని బయటికొచ్చేయండి.

నా నదికి ఇంకా పేరు దొరకలేదు. ప్రస్తుతానికి స్క్రిప్టులో ‘నది’ అనే ఉంది, ఎవరూ అడగలేదు కూడా.