రియల్‌టైమ్ రైటర్ల శిక్షణ గ్రాంటు: చేరేటప్పుడు అక్కరకొస్తుంది, గట్టెక్కేటప్పుడు చాలదు

అమెరికాలో 2006 జనవరి 1 నుంచి, మినహాయింపులు పోగా, కొత్త ఇంగ్లీషు టీవీ కార్యక్రమాలన్నిటికీ క్యాప్షన్లు, అంటే మాటలు తెర మీద రాతగా కనిపించడం, తప్పనిసరి. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చిన మార్పు అది. లైవ్‌లో ఆ క్యాప్షన్లు రాసేవాళ్లదీ, కోర్టులో వాంగ్మూలం రాసేవాళ్లదీ ఒకటే విద్య: మాట పలుకుతుండగానే, అనేక మీటలు ఒకేసారి నొక్కి రాసే స్టెనో మెషిన్. ఇలా రాసేవాళ్లనే రియల్‌టైమ్ రైటర్లంటారు. ఆ విద్య నేర్పడానికి 2008 ఉన్నత విద్యా చట్టంలో ఫెడరల్ ప్రభుత్వం పెట్టిందే ‘ట్రెయినింగ్ ఫర్ రియల్‌టైమ్ రైటర్స్’ గ్రాంటు. చేరే విద్యార్థికి అది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష.

ముందుగా తెలియాల్సింది, ఈ డబ్బు విద్యార్థి చేతికి నేరుగా రాదు. విద్యాశాఖ పోటీ పెట్టి కాలేజీలకు ఇస్తుంది. కాబట్టి మీరు దరఖాస్తు పెట్టాల్సింది కాలేజీకే. స్కాలర్‌షిప్పులు, ట్యూటరింగ్, దూరవిద్య, కొత్తవాళ్లను చేర్చుకోవడం వంటివాటికి కాలేజీ దీన్ని వాడుకోవచ్చు. ఆఫీసు ఖర్చులకు 5 శాతం మించకూడదన్న నిబంధన చాలా మంచిది. డబ్బు క్లాసుదాకా చేరుతుంది. స్కాలర్‌షిప్పు తీసుకుంటే మాత్రం, చదువయ్యాక కొంతకాలం రియల్‌టైమ్ రాసే పని చేస్తానని ఒప్పందం రాయాలి. మాట తప్పితే డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఎంతకాలం, ఏ పని లెక్కలోకి వస్తుంది, మధ్యలో మానేస్తే ఏమిటి అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

అసలు చిక్కు విద్యలోనే ఉంది. మెషిన్‌కు 22 మీటలు, పైన అంకెల పట్టీ. ఎడమవైపు ‘బి’ మీట లేదు. ‘పి’, ‘డబ్ల్యూ’ రెండిటి మధ్య సందులో నడిమివేలు ఆనించి ఒకేసారి నొక్కితే అది ‘బి’. ‘బ్యాడ్’ అనే మాటకు ఆ వేలితో పాటు ఎడమ బొటనవేలు ‘ఎ’ మీద, కుడి చిటికెనవేలు ‘డి’ మీద ఒక్కసారే పడాలి. ఒక స్ట్రోక్, ఒక మాట. ఈ పద్ధతి అర్థం కావడానికి నెలలు చాలు. వేళ్లు ఆలోచించకుండా పడటానికే ఏళ్లు పడుతుంది.

కోర్టు రిపోర్టర్ల వృత్తి అర్హత అయిన ఆర్‌పీఆర్ సర్టిఫికెట్‌కు నిమిషానికి 180, 200, 225 మాటల వేగంతో మూడు పరీక్షలు, ఒక్కోటి ఐదు నిమిషాలు, 95 శాతం సరిగ్గా రావాలి. 180 దగ్గర 900 మాటల్లో 45 తప్పుల దాకా చెల్లుతుందన్నమాట. లైవ్ క్యాప్షన్‌కు ఆ లెక్క సరిపోదు. ఇరవై మాటలకొకటి తప్పు పడితే చెవులు వినపడని ప్రేక్షకుడికి వార్త చేరదు.

చాలామంది నిమిషానికి 140 నుంచి 180 మాటల మధ్య నెలల తరబడి ఆగిపోతారు. బద్ధకం వల్ల కాదు. మాట విని, విడగొట్టి, రాసే పాత అలవాటు ఆ వేగం దగ్గర చాలదు. తరచూ వచ్చే పదబంధాలకు ఒకే స్ట్రోక్ కట్టుకుని చేయి మళ్లీ నేర్చుకోవాలి. సరిగ్గా అక్కడే ప్రభుత్వ సాయం నియమాలు అడ్డొస్తాయి. ఆదాయం తక్కువున్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు జీవితం మొత్తంలో 12 సెమిస్టర్లకే. పైగా ఫెడరల్ సాయం నిలవాలంటే కోర్సు నిడివికి ఒకటిన్నర రెట్లలోపు పూర్తిచేయాలి: 60 క్రెడిట్ల కోర్సైతే 90 క్రెడిట్ల ప్రయత్నం దాటకూడదు. ఒకే స్పీడ్ క్లాసును మళ్లీ మళ్లీ తీసుకుంటే ప్రతిసారీ ఆ లెక్కలో పడుతుంది. సెమిస్టర్‌కు ఇన్ని పాఠాలు అనుకుని రాసిన నియమాన్ని వేళ్ల వేగానికి అతికించడం అన్యాయం. ఇది మారాలి. అందాకా, క్లాసును మళ్లీ తీసుకునే ముందు ఎయిడ్ ఆఫీసులో మీ ప్రయత్నించిన క్రెడిట్ల మొత్తం అడగండి. ఆ పరిమితి దాటితే అప్పీలు ఉంటుంది. రోజువారీ సాధన లాగ్, పాసైన టెస్టుల పట్టిక దగ్గరుంటే ఆ అప్పీలుకు బలం.

ఉద్యోగం పోయినవాళ్లు ఉద్యోగాలు వెతకడంలో సాయపడే ప్రభుత్వ కేంద్రమైన అమెరికన్ జాబ్ సెంటర్‌లో, శిక్షణ ఫీజుకు సాయపడే ట్రెయినింగ్ అకౌంట్ గురించి కనుక్కోవచ్చు. మీ కాలేజీ కోర్సు ఆ రాష్ట్రపు ఆమోదిత జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

చివరి ఖర్చును ఎక్కువమంది లెక్కలో వేసుకోరు. చదువుతున్నంతకాలం స్టెనో సాఫ్ట్‌వేర్ విద్యార్థి లైసెన్స్ చవకగానో ఉచితంగానో దొరుకుతుంది. చదువు ముగిశాక అది ఆగిపోతుంది. పూర్తి లైసెన్స్, కొత్త మెషిన్ వేల డాలర్ల మాట, అదీ మొదటి జీతం రాకముందే. ‘ప్లోవర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఒకేసారి చాలా మీటలు గుర్తించే మామూలు కీబోర్డుతో సాధన మొదలుపెట్టవచ్చు. ఈ విద్య మీ చేతికి పట్టుబడుతుందో లేదో పెద్ద ఖర్చు లేకుండా తెలుస్తుంది. కాలేజీని ఎంచుకునేటప్పుడు గ్రాంటు ఎంత వచ్చిందని కాక, మెషిన్ అద్దెకు, పరీక్ష ఫీజుకు, 180 దాటాక ట్యూటర్‌కు ఆ డబ్బులోంచి ఇస్తారా అని అడగండి. గత మూడేళ్లలో 225 మాటల పరీక్ష పాసైనవాళ్లు ఎందరో కూడా అడగండి. ఆ అంకె చెప్పడానికి వెనకాడే చోట చేరకపోవడమే మంచిది.