సబ్బు మంచిదే, వాసనే పడదు: ఏం చేస్తే మేలు?

షేవింగ్ సబ్బును ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఒక చిక్కు ఉంది. నురగ ఎలా వస్తుందో, బ్లేడు ఎంత నున్నగా జారుతుందో వాడినవాళ్లు రాసింది చదివి తెలుసుకోవచ్చు. వాసన మాత్రం డబ్బా మూత తీసేదాకా తెలియదు. తీరా తీశాక ఘాటైన గులాబీయో, పసిపిల్లల పౌడరు వాసనో, ముక్కు అదిరే మస్కో తగులుతుంది. సబ్బుకు మాత్రం వంక పెట్టలేం, ధరా తక్కువ కాదు. ఒక బిళ్ల రోజూ వాడినా నెలల తరబడి వస్తుంది. పారేయడానికి చేతులు రావు, వాడటానికి ముక్కు ఒప్పుకోదు.

ఇలాంటప్పుడు జనం చేసే పనులు నాలుగైదు ఉన్నాయి. సబ్బును గాలికి ఆరబెడతారు. నురగలో ఒక చుక్క సుగంధ తైలం వేస్తారు. బిళ్లను కరిగించి కొత్త వాసన కలుపుతారు. మెంథాల్ వేసి ముక్కును ఏమారుస్తారు. ఇవేవీ చేయకుండా, షేవింగ్ అయ్యాక ఆఫ్టర్‌షేవో అత్తరో పూసుకుని ఊరుకునేవాళ్లూ ఉన్నారు.

ఏది మేలో తేల్చే ముందు, ఆ వాసన మిమ్మల్ని ఎప్పుడు ఇబ్బంది పెడుతోందో చూసుకోండి. గీసుకునే ఆ పది నిమిషాలేనా, తర్వాత కూడానా? చాలా సబ్బుల వాసన ముఖం కడుక్కున్నాక త్వరగానే తేలిపోతుంది. జర్మనీ వాళ్ల టబాక్ లాంటివి కొన్ని మాత్రం కాసేపు అంటిపెట్టుకుని ఉంటాయి. 1959 నాటి ఆ సెంటు అంటే పడిచచ్చేవాళ్లూ ఉన్నారు, పారిపోయేవాళ్లూ ఉన్నారు. మీ బాధ ఆఫీసుకు వెళ్లాక వచ్చే వాసన గురించే అయితే సబ్బును ముట్టుకోనక్కర్లేదు. ఆఫ్టర్‌షేవ్ చాలు. రోజంతా మీ ఒంటి మీద ఉండేది అదే. గీసుకునేటప్పుడే ఇబ్బంది అయితే మాత్రం ఆఫ్టర్‌షేవ్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు, అప్పటికే పడాల్సిన బాధ పడిపోయి ఉంటారు.

ఇక ఆరబెట్టడం. ఖర్చు లేదు కాబట్టి అందరూ ముందు ఇదే చెబుతారు. కానీ ఇది అన్ని వాసనలకూ పనిచేయదు. ఏ సెంటులోనైనా తేలిగ్గా ఎగిరిపోయేవి కొన్ని ఉంటాయి, బరువుగా అడుగున ఉండిపోయేవి కొన్ని ఉంటాయి. నిమ్మ, నారింజ లాంటివి ముందు పోతాయి, లావెండర్ వాటి వెనకాలే. మస్క్, వెనిలా, గంధం, పచౌలీ చివరిదాకా ఉంటాయి. నిమ్మ వాసన మరీ ఎక్కువైందనుకుంటే మూత తీసి పెట్టండి, తగ్గుతుంది. ఇటలీ వాళ్ల చెల్లా సబ్బులో ఉండే బాదం ఎసెన్స్ లాంటి వాసనకూ ఇది కొంత పనిచేస్తుంది. మస్కో వెనిలానో పడకపోతే మాత్రం ఆరబెట్టి లాభం లేదు. పైన ఉన్న కాస్త నిమ్మా పోయి, మీకు పడనిదే మిగులుతుంది.

మన హైదరాబాద్‌లో దీనికి ఏప్రిల్, మే నెలలు అనువైనవి. గాలి పొడిగా ఉంటుంది. అలాగని బాల్కనీలో ఎండకు పెట్టకండి. ఎండ వేడికి బిళ్ల పగులుతుంది, అందులోని కొవ్వులు పాడై ముక్కిపోయిన నూనె వాసన మొదలవుతుంది. నీడలో, గాలి ఆడేచోట పెట్టాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ పని పెట్టుకోకపోవడమే మంచిది, బిళ్ల చెమ్మగిల్లడం తప్ప జరిగేదేమీ ఉండదు. ఇంకో సంగతి, గట్టి బిళ్లలో గాలి తగిలేది పైపొరకే. దాన్ని తురిమి, కొన్ని రోజులు ఆరనిచ్చి, నాలుగు చుక్కల నీళ్లతో గిన్నెలో అదిమి పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. కొబ్బరి కోరును మాత్రం ఇందుకు వాడకండి, ఇంట్లో గొడవలొస్తాయి.

ఇక్కడే నీళ్ల సంగతి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో వాడే అపార్ట్‌మెంట్లలో సబ్బు సరిగా నురగ రాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు అవుతాయి. నురగ కోసం బ్రష్‌ను బిళ్ల మీద ఇంకా ఇంకా రుద్దుతాం. సబ్బు ఎక్కువ, దానితో పాటు వాసనా ఎక్కువ. వంటింట్లోంచి ఒక గ్లాసు ఆర్వో నీళ్లు తెచ్చి, బ్రష్ వాటిలోనే నానబెట్టి చూడండి. తక్కువ సబ్బుతోనే చిక్కటి నురగ వస్తుంది, వాసన కూడా ఆ మేరకు తగ్గుతుంది. కిటికీ లేని ఇరుకు బాత్‌రూమ్ అయితే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. లేదంటే హాల్లో చేతులు కడుక్కునే వాష్ బేసిన్ దగ్గర గీసుకోండి, ఇంట్లోవాళ్లు ఊరుకుంటే. కొంతమందికి ఈ మాత్రంతోనే సమస్య తీరిపోతుంది.

తీరకపోతే నా ఓటు నురగలో ఒక చుక్కకే. బిళ్ల జోలికి పోకుండా, గిన్నెలో నురగ తీసేటప్పుడు ఆ పూటకు సరిపడా తైలం వేయడమన్నమాట. నచ్చకపోతే పోయేది ఆ పూట షేవింగే, సబ్బు అలాగే ఉంటుంది. రేపు ఇంకో వాసన ప్రయత్నించవచ్చు.

అయితే చాలామంది ఇక్కడ బలం చూపించబోతారు. పడని వాసన కంటే ఘాటైనది వేస్తే అది అణిగిపోతుందని లెక్క. చేపల పులుసు వండిన ఇంట్లో అగరొత్తి వెలిగిస్తే ఏమవుతుందో మనకు తెలుసు కదా. మొదటి వాసన పోదు, రెండూ కలిసి మూడోది పుడుతుంది. కాబట్టి సబ్బు వాసనతో పోట్లాడేదాన్ని కాదు, దానితో కలిసి బాగుండేదాన్ని వెతకాలి. గులాబీ సబ్బుకు గంధం సరిజోడు. పాత పద్ధతిలో గులాబీ అత్తరును గంధపు నూనెలోకే దించేవారు, అందుకే ఆ రెండూ ముక్కుకు కొత్తగా అనిపించవు. పౌడరు వాసన, మస్క్, వెనిలా లాంటి తీపి ఎక్కువైతే వట్టివేరు వేయండి. ఆ పచ్చి వేరు వాసన తీపిని విరిచేస్తుంది. లావెండర్ ఉన్న పాతకాలపు సెలూన్ వాసనలకూ వట్టివేరే నప్పుతుంది. నేల తుడిచే ఫినాయిల్‌ను గుర్తుచేసే నిమ్మ వాసన అయితే రోజ్‌మేరీ పనికొస్తుంది. మల్లె మాత్రం వద్దంటాను. సబ్బు నురగలో మల్లె అదోలా మారి తల పట్టేస్తుంది, నాకైతే అస్సలు పడదు.

చార్మినార్, పత్తర్‌గట్టీ వైపు అత్తరు దుకాణాలు ఉన్న ఊరు కాబట్టి ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఆన్‌లైన్‌లో కుదరనిది అక్కడ కుదురుతుంది, చేతి వెనక రాయించుకుని చూసి కొనవచ్చు. వీలైతే సబ్బు తురుము కాస్త చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి, రెండూ కలిపి వాసన చూస్తే ఇంటికొచ్చి నాలుక కరుచుకోనక్కర్లేదు. రంజాన్ రాత్రుల్లో మాత్రం వద్దు. ఆ రద్దీలో, అన్ని వాసనల మధ్య ముక్కు ఏదీ తేల్చుకోలేదు. మట్టి అత్తరు చూసి ముచ్చటపడతారేమో, అది సబ్బు నురగలో వేస్తే ఆనవాలు కూడా మిగలదు. ఊద్ దానికి పూర్తిగా వ్యతిరేకం. సబ్బు వాసన నిజంగానే పోతుంది, మీ తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లేవాళ్ల ఓపిక కూడా పోతుంది. ఇంకో మాట. చౌక అత్తర్లలో చాలావాటికి మూలం పారాఫిన్ లాంటి నూనె. అది నురగను చంపేస్తుంది. అగరొత్తులకు, కొవ్వొత్తులకు అమ్మే సెంట్లు ముఖానికి పనికిరావు, పూజ కర్పూరం కూడా అంతే.

ఎంత వేయాలి? ఒక్క చుక్క. ఒక షేవింగ్‌కు వాడే సబ్బు గ్రాము, రెండు గ్రాములకు మించదు. ఒక చుక్క అంటే మిల్లీలీటరులో సుమారు ఇరవయ్యో వంతు. నీళ్లతో కలిపి నురగంతా పదిహేను గ్రాములు అనుకున్నా, ఆ చుక్క దానిలో ఒక శాతంలో మూడో వంతు. అప్పుడే గీసిన చర్మానికి అది చాలు. రెండో చుక్కతో నురగ చతికిలబడుతుంది, చర్మమూ మండుతుంది. దాల్చినచెక్క, లవంగం నూనెలు ఒక్క చుక్క కూడా వద్దు. తొక్కలు పిండి తీసిన నిమ్మ నూనె, నిమ్మజాతిదే అయిన బెర్గమాట్ నూనెలతోనూ జాగ్రత్త. వాటిలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చినట్టు చేసి మచ్చలు పెడతాయి. కడిగేసేదే కదా అనవచ్చు, కానీ మే నెల ఎండలో బండి మీద తిరిగే ముఖానికి ఆ రిస్కు ఎందుకు? ఏళ్ల కిందట మూత తీసిన లావెండర్, టీ ట్రీ సీసాలు కూడా పక్కన పెట్టేయండి, గాలికి పాతబడిన నూనెతో ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. కొత్త తైలం ఏదైనా, దానితో తీసిన నురగను ముందు మోచేతి లోపలివైపు రాసి కడిగి, ఒకటి రెండు రోజులు చూశాకే ముఖానికి.

మెంథాల్‌ది వేరే లెక్క. ఇది సబ్బు వాసనను మార్చదు. చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, ఆ జిల్లుదనం ముందు వాసన వెనకబడుతుంది. పుదీనా పువ్వు పేరుతో పలుకులుగా దొరుకుతుంది. ఆవగింజంత పలుకు వేడి నీళ్లలో వేస్తే కరుగుతుంది, దాన్ని నురగలో కలుపుకోవాలి. వేసవిలో హాయిగా ఉంటుంది. డిసెంబరు పొద్దున మాత్రం ముఖం కొంకర్లు పోతుంది. కళ్ల దగ్గరికి పోనివ్వకండి. ఏ వాసనా సరిపడని మస్క్ సబ్బులకు, వట్టివేరు తర్వాత నేను చూసేది దీనివైపే.

కరిగించి కలపడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, వద్దు. గ్లిజరిన్ దిమ్మెలతో చేసిన సబ్బయితే చక్కగా కరుగుతుంది, వంద గ్రాములకు ఒక గ్రాము తైలం కలిపి మళ్లీ పోసుకోవచ్చు. గట్టిగా మరపట్టిన బిళ్లలు అలా కరగవు, జిగట ముద్దయి అడుగంటుతాయి. నీళ్లు పోస్తే వారాల తరబడి ఆరాలి, ఆరాక కుంచించుకుపోయి పగుళ్లిస్తాయి. ఇంత చేసినా పాత వాసన అందులోనే ఉంటుంది. కొత్తది కుదరకపోతే సబ్బు మొత్తం పాడు.

వీటన్నిటికీ లొంగని సబ్బు కూడా ఒకటీ అరా ఉంటుంది. దాన్ని కాగితంలో చుట్టి బీరువాలో బట్టల మధ్య పెట్టేయండి, లేదా వాష్ బేసిన్ దగ్గర చేతులు కడుక్కోవడానికి వదిలేయండి. తర్వాత కొనేది వాసన లేని రకం చూసి కొనుక్కుంటే, ఏ పూటకు ఏ చుక్క వేయాలో మీ ఇష్టం.