వైజాగ్ ఫ్యామిలీ ప్యాకేజీ కొంటున్నారా? ముందు సోమవారం ఏం పెట్టారో చూడండి

చిన్నపిల్లలతో శని, ఆది, సోమవారాలు వైజాగ్ వెళ్లొద్దామని ప్యాకేజీ చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ పంపే ముందు ఇది చదవండి. మాకు అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరు తెలిసినా పెద్దగా లాభం లేదు. అవే ఫొటోలు, అదే ప్లాన్ వేరే వేరే పేర్లతో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఆ తర్వాత నేనే చూశాను.

ప్రకటన ఇలా ఉంది: రెండు రాత్రులు, మూడు రోజులు, సీ వ్యూ ఫ్యామిలీ రూమ్, బ్రేక్‌ఫాస్ట్, ఫుల్ టైమ్ కారు, అరకుతో సహా, కిడ్స్ ఫ్రెండ్లీ. మా ఇద్దరికీ, ఆరేళ్ల పాపకీ, మూడేళ్లు నిండని బాబుకీ కలిపి 18,500 రూపాయలు. శనివారం బీచ్‌లు, కైలాసగిరి. ఆదివారం అరకు. సోమవారం జూ, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం రైలు.

వైజాగ్ వాళ్లకి ఇది చదవగానే నవ్వొస్తుంది. ఇందిరా గాంధీ జూ పార్కుకి సోమవారం సెలవు. కురుసురకీ సోమవారమే సెలవు. అంటే పిల్లలు ఎక్కువగా ఎదురుచూసే రెండు చోట్లనీ ఏరి కోరి అవి మూసి ఉండే రోజున పెట్టారు. సోమవారం పొద్దున ప్యాకేజీ అమ్మినతనికి ఫోన్ చేస్తే, "క్లోజ్ ఉన్న పాయింట్లకు రీఫండ్ ఉండదు మేడమ్, వోచర్‌లో కండిషన్ రాసే ఉంది" అన్నాడు. నిజంగానే ఉంది. ఆ వోచర్ మాత్రం మొత్తం డబ్బు కట్టిన తర్వాతే చేతికొచ్చింది.

ఇది పొరపాటున జరిగిందంటే నేను నమ్మను. రోజూ వైజాగ్ ప్యాకేజీలు అమ్ముకునేవాళ్లకి జూ ఎప్పుడు మూసి ఉంటుందో తెలియదా? ఆ రోజు తిప్పాల్సిన చోట్లు రెండూ మూసి ఉంటే బండికి అరపూట డీజిల్ మిగులుతుంది, డ్రైవర్‌ని ఇంకో ట్రిప్పుకి పంపుకోవచ్చు. మా డ్రైవర్ పాపం మంచివాడే. "ఏటి సేత్తాం మేడమ్, ఆఫీసోళ్లు రాసిచ్చిందే మాకు" అని తల గోక్కున్నాడు. పదకొండింటికి రూమ్ ఖాళీ చేసేసి, బ్యాగులు డిక్కీలో పెట్టుకుని, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ దాకా ఇద్దరు పిల్లలతో ఎక్కడ కూర్చోవాలో తెలియని పరిస్థితి. చివరికి ఒక షాపింగ్ మాల్‌లో గడిపాం. మాల్ చూడ్డానికి హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా రావాలా?

కాబట్టి ప్యాకేజీ ఏదైనా ముందు ఏ రోజు ఏ చోటో చూడండి, హోటల్ ఫొటోలు తర్వాత. ఈ సెలవు గొడవ వైజాగ్‌కే పరిమితం కాదు. హైదరాబాద్‌లో జూ పార్కుకి సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మైసూరు జూకి మంగళవారం. "లోకల్ సైట్లు ఏ రోజైనా ఒకటే మేడమ్" అని ఎవరైనా అన్నారంటే అక్కడితో బేరం ఆపేయండి.

అరకు సంగతి వేరేగా చెప్పాలి. వైజాగ్ నుంచి అరకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. నంబరు చూస్తే ఎంతలే అనిపిస్తుంది. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, మలుపు మీద మలుపు. ఒక్క రోజులో వెళ్లి రావాలంటే కారులోనే ఏడెనిమిది గంటలు పోతాయి. ఆ మిగిలిన కాస్త టైములో బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, చాపరాయి అంటూ తొమ్మిది పాయింట్లు రాసిచ్చారు. వెళ్లేటప్పుడే బాబుకి వాంతులు. బొర్రాలో మెట్లు దిగడం ఒక ఎత్తు, నిద్రపోయిన పిల్లాణ్ని భుజాన వేసుకుని మళ్లీ ఎక్కడం ఇంకో ఎత్తు. మా ఆయన చొక్కా పిండితే నీళ్లు కారేలా తడిసింది. తొమ్మిదిలో సగం కూడా చూడలేదు, రూముకి చేరేసరికి రాత్రి పది దాటింది, పాప అన్నం తినకుండానే పడుకుంది.

అరకు బాగుండదని కాదు, చాలా బాగుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం రెండు రాత్రుల ట్రిప్పులో దాన్ని ఇరికించకండి. వెళ్లాలనే ఉంటే ఒక రాత్రి అక్కడే ఉండేలా ప్లాన్ చేసుకోండి, లేదంటే పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైల్లో వెళ్లండి. దారిలో 58 సొరంగాలు, ఒక్కో సొరంగం రాగానే పిల్లలు అరిచే అరుపులకే టికెట్ డబ్బులు గిట్టుబాటు. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీట్లు తొందరగా అయిపోతాయి, అందుకే వెళ్లాలనుకున్న వెంటనే మీరే బుక్ చేసుకోండి. ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు కానీ సీటు కావాలంటే పూర్తి చార్జీ. మా ప్యాకేజీలో కూడా "ఒక వైపు ట్రైన్" అని ఉంది, పక్కన చిన్నక్షరాలతో "అందుబాటును బట్టి" అని. ఏమైందో మీకే అర్థమై ఉంటుంది.

ఇక రూమ్. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారుతుండగా వైజాగ్‌లో దిగుతాం. చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండింటికి. "ఎర్లీ చెక్-ఇన్ మేం చూసుకుంటాం" అని ఫోన్లో చెప్పారు. రిసెప్షన్‌లో 1,500 అడిగారు. పాలు కావాలని ఏడ్చే పిల్లాడితో అక్కడ నిలబడి ఎవరు వాదిస్తారు, కట్టేశాం. ఐదేళ్లలోపు ఫ్రీ అన్న మాట బాబుకి వర్తిస్తుందట, పాపకి మాత్రం పరుపు వేసినందుకు రాత్రికి 800, టిఫిన్‌కి వేరేగా. కెటిల్ లేదు, పాలు వేడి చేయించుకోవడానికి ప్రతిసారీ కిందికి దిగాల్సిందే. సీ వ్యూ ఉంది, మా గదిలోంచి కాదు. బిల్డింగ్ బీచ్ రోడ్డు వెనక సందులో ఉంది. వరండా చివరకెళ్లి మెడ సాచితే రెండు వాటర్ ట్యాంకుల మధ్య కొంచెం నీలం కనిపిస్తుంది. మా ఆయన రోజూ పొద్దున అక్కడ నిలబడి కాఫీ తాగుతూ "పద్దెనిమిదిన్నర వేల సముద్రం" అని మురిసిపోయేవారు.

ఫొటోలు ఆ హోటల్‌వే కావని తర్వాత గూగుల్ లెన్స్‌లో (ఫొటో పెట్టి వెతికే యాప్) పెడితే తేలింది. మీరు ఆ పని ముందే చేయండి, రెండు నిమిషాలు పట్టదు. మ్యాప్స్‌లో రివ్యూలు చూసేటప్పుడు కొత్తవి, తక్కువ స్టార్లు ఇచ్చినవి ముందు చదవండి.

కారు గురించి ఒక్క మాట, ఇది భద్రత విషయం. శనివారం మాకు పంపింది తెల్ల నంబర్ ప్లేటు బండి. అద్దెకి తిప్పే కారుకి పసుపు ప్లేటు ఉండాలి. సొంత బండిని కిరాయికి తిప్పుతుంటే, ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. ఘాట్ రోడ్డుకి అదే బండి అంటే ఒప్పుకోలేదు. ఆ రాత్రి గట్టిగా గొడవపడితే గానీ ఆదివారానికి పసుపు ప్లేటు బండి రాలేదు.

ఆర్కే బీచ్‌ని కూడా ప్లాన్‌లో "బాతింగ్" అని రాశారు. దయచేసి పిల్లల్ని అక్కడ నీళ్లలోకి దింపకండి. లోపలికి లాగే అలలు, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఇసుకలో ఆడించి, మొక్కజొన్న పొత్తు కొనిపెట్టి వచ్చేయండి.

డబ్బు పంపమన్నప్పుడు ఇచ్చిన యూపీఐ నంబరు ఒక వ్యక్తి పేరు మీద ఉంది, కంపెనీ పేరు మీద కాదు. జీఎస్టీ బిల్లు అడిగితే "ట్రిప్ అయ్యాక" అన్నారు, అది ఇప్పటికీ రాలేదు. "రెండే రూములున్నాయి, రాత్రికి రేటు పెరుగుతుంది" అని తొందరపెట్టారు. ఇలా లేని తొందర పుట్టించడం, తర్వాత ఒక్కొక్కటిగా చార్జీలు బయటపెట్టడం, రెండూ 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మాయచేసే ఎత్తుగడలు) మార్గదర్శకాల ప్రకారం తప్పే. అడ్వాన్స్ కట్టే ముందే వోచర్ నమూనా, కండిషన్లతో సహా పంపమనండి. పంపనంటే వదిలేయండి, వైజాగ్‌లో హోటళ్లకి కరువు లేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాక వాళ్లలో కదలిక వచ్చింది, సోమవారం కారు కింద 2,200 వెనక్కి ఇచ్చారు. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. వైజాగ్ పోనక్కర్లేదు, మనం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

అక్కడ పనికొచ్చేది వాట్సాప్ చాటే. మాతో మాట్లాడిన నంబరువాళ్లు మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టి ఉంచారు. మా ఆయన అలవాటుగా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టారు కాబట్టి సరిపోయింది. మీరు బేరం మొదలుపెట్టగానే ఆ సెట్టింగ్ ఆఫ్ చేయండి. వాళ్లు మళ్లీ ఆన్ చేస్తే వాళ్ల దగ్గర కొనకండి.